కొత్త కాయిన్‌లో డబ్బు పెట్టమంటే, పెట్టే ముందు ఏం చూసుకోవాలి

వాట్సాప్ గ్రూపులో ఒక పీడీఎఫ్ వస్తుంది. కొత్త కాయిన్, ఇంకా ఎక్స్ఛేంజీలోకి రాలేదు, ఇప్పుడు తీసుకుంటే రూపాయి, లిస్టింగ్ రోజుకి పది రూపాయలు, ఈ రేటు ఆదివారం రాత్రి వరకే, అదీ మన గ్రూపుకి మాత్రమే. పంపినవాళ్ళు ముక్కూమొహం తెలియనివాళ్ళు కాదు, తోడల్లుడో, పాత కొలీగో, మన పిల్లలకి చదువు చెప్పిన మాస్టారో. అందుకే కాదనడానికి మొహమాటం. ఇది రాస్తున్నది ఆ మొహమాటంలో ఉన్నవాళ్ళ కోసం.

క్రిప్టో అంతా మోసమని నేను అనడం లేదు. పెట్టొద్దని కూడా చెప్పడం లేదు. నేను చెప్పేది ఒక్కటే: టోకెన్ (ఇలాంటి కొత్త కాయిన్‌ని అలా కూడా అంటారు) అమ్మేవాళ్ళ మాటల్లో రెండు రకాలుంటాయి, వాళ్ళతో పని లేకుండా మనమే వెళ్ళి చూసుకోగలిగేవి కొన్ని, వాళ్ళ నోటిమాట మీద తప్ప ఇంకోలా తెలుసుకోలేనివి కొన్ని. రెండో రకానికి, ఎంత అందంగా చెప్పినా, సున్నా మార్కులు వేయండి. మొదటి రకాన్ని ఒక్కొక్కటిగా చూడండి. ఒక సాయంత్రం పడుతుంది, అంతే.

చెప్పిన మనిషిని కాసేపు పక్కన పెట్టండి

మన దగ్గర టోకెన్ అమ్ముడుపోయేది వైట్‌పేపర్ (కాయిన్ గురించి అమ్మేవాళ్ళు రాసిపెట్టే వివరాల కాగితం) చదివి కాదు, మనిషిని చూసి. 2024లో నిర్మల్ జిల్లాలో యూబిట్ కాయిన్ పేరుతో గొలుసుకట్టు దందా నడుస్తోందని పోలీసులు కేసు పెట్టినప్పుడు అరెస్టయినవాళ్ళలో ప్రభుత్వ టీచర్లు ఉన్నారు. ఊళ్ళో టీచర్ చెప్తే ఎవరు కాదంటారు? హిమాచల్ ప్రదేశ్‌లో 2018లో కొర్వియో కాయిన్ పేరుతో మొదలై కొన్నేళ్ళు సాగిన వ్యవహారమూ ఇంతే. అందులో డబ్బు పెట్టినవాళ్ళలో పోలీసులే పెద్ద సంఖ్యలో ఉన్నారని, కొందరు ఏకంగా వాలంటరీ రిటైర్‌మెంట్ తీసుకుని ప్రమోటర్లుగా దిగారని అక్కడి పోలీసు అధికారులే చెప్పారు.

ఇలాంటి స్కీముల్లో కింది వరసలో ఉండే చాలామంది మోసం చేద్దామని దిగినవాళ్ళు కాదు. ముందు తమ డబ్బే పెడతారు, మొదటి రెండు మూడు నెలలు వస్తుంది, నిజమని నమ్ముతారు, పైగా కింద మనుషుల్ని చేర్పిస్తే కమిషన్. కాబట్టి "ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు" అన్నది నిజమే కావచ్చు, కానీ ఆ కాయిన్ మంచిదా కాదా అన్నదానికి అది జవాబు కాదు. ఆయనకి తెలిసిందల్లా ఆయన పైనున్న మనిషి చెప్పిందే.

అందుకని మొహమాటపడకుండా మొదట అడగాల్సిన ప్రశ్న ఇది: "అన్నా, నేను చేరితే నీకేమైనా వస్తుందా?" వస్తుందని చెప్తే, ఎంత వస్తుంది, నా కింద ఇంకొకరు చేరితే కూడా నీకు వస్తుందా అని అడగండి. అలా లెవెల్స్ వారీగా కమిషన్ వస్తోందంటే అది టోకెన్ అమ్మకం కాదు, మనుషుల్ని చేర్పించే వ్యాపారం. దాన్ని నిషేధిస్తూ 1978 నుంచే మన దేశంలో చట్టం ఉంది, పైనున్నవాడి మీదే కాదు, చేర్పించినవాళ్ళ మీదా కేసులు పడతాయి. ఇక్కడే ఆగిపోయినా మీకు పోయేదేమీ లేదు.

తర్వాత లెక్క వేయండి

రోజుకి 1 శాతం అంటే వినడానికి చిన్న అంకె. ఫోన్లో క్యాలిక్యులేటర్ తెరిచి చూడండి. లక్ష రూపాయలు రోజుకి ఒక శాతం చొప్పున చక్రవడ్డీగా పెరిగితే ఏడాదికి దాదాపు 38 లక్షలు. రెండో ఏడాది చివరికి 14 కోట్లు దాటుతుంది. మూడో ఏడాదికి 500 కోట్ల పైమాటే. ఇంత సంపాదించిపెట్టే ట్రేడింగ్ బాట్ (తనంతట తానే కొని అమ్మే ప్రోగ్రామ్) నిజంగా చేతిలో ఉన్నవాడు మీ దగ్గరా నా దగ్గరా లక్షలు ఎందుకు పోగుచేసుకుంటాడు?

ఇది ఊహించి చెప్పిన అంకె కాదు. బిట్‌కనెక్ట్ అని ఒకటి ఉండేది, 2017లో దాని మోత మామూలుగా లేదు. బిట్‌కాయిన్ ఇచ్చి వాళ్ళ సొంత కాయిన్ తీసుకోవాలి, దాన్ని తిరిగి వాళ్ళకే అప్పుగా ఇవ్వాలి, వాళ్ళ దగ్గరున్న బాట్ ట్రేడింగ్ చేసి నెలకి 40 శాతం దాకా తెస్తుందని చెప్పేవాళ్ళు. 2018 జనవరిలో అమెరికాలో టెక్సస్, నార్త్ కరోలినా రాష్ట్రాల అధికారులు ఆపమని ఆదేశాలిచ్చారు, ఆ నెల్లోనే అప్పుల ప్రోగ్రామ్ మూసేశారు, కాయిన్ ధర కుప్పకూలింది. 240 కోట్ల డాలర్ల మోసమని అమెరికా ప్రాసిక్యూటర్లు 2022లో దాని వ్యవస్థాపకుడిగా చెప్పే సూరత్ వాసి సతీశ్ కుంభానీ మీద అభియోగాలు మోపారు. అమెరికాలో దాన్ని ప్రమోట్ చేసిన గ్లెన్ ఆర్కారో నేరం ఒప్పుకున్నాడు, 38 నెలల జైలు శిక్ష పడింది.

కెనడాలో ప్లెక్స్‌కాయిన్ ఇంకా ముందుకెళ్ళింది: 29 రోజుల్లోపే 1,354 శాతం లాభం అన్నారు. అమెరికాలో మన సెబీ లాంటి సంస్థ ఎస్ఈసీ 2017 డిసెంబర్‌లో కోర్టుకెళ్ళి ఆపించింది. మన దగ్గర హెచ్‌పీజెడ్ టోకెన్ యాప్ కేసులో ఈడీ చెప్పింది చూడండి: 57,000 రూపాయలు పెడితే మూడు నెలలపాటు రోజుకి 4,000 ఇస్తామన్నారట. అంటే 3 లక్షల 60 వేలు. ఇచ్చింది ఒక్కసారే.

అంకె ఎంతైనా కానివ్వండి, "గ్యారంటీ", "ఫిక్స్‌డ్", "కనీసం ఇంత" అన్న మాట ఉంటే చాలు. ధర పెరిగే తగ్గే వస్తువు మీద ఖాయమైన రాబడి ఇవ్వాలంటే అది కొత్తగా చేరేవాళ్ళ జేబులోంచే రావాలి, ఇంకెక్కణ్ణించీ రాదు.

అసలు మీ చేతికి ఏమొస్తుందో కాగితంలో చదవండి

పీడీఎఫ్‌లో రాకెట్ బొమ్మలున్న పేజీలు వదిలేయండి. వెబ్‌సైట్ అడుగున చిన్న అక్షరాల్లో ఉండే టర్మ్స్ అన్న లింకు నొక్కండి. ఇంగ్లీష్ కష్టమైతే మొత్తం కాపీ చేసి ట్రాన్స్‌లేట్‌లో పెట్టుకోండి, కానీ చదవండి. ఎందుకంటే అసలు విషయం వాళ్ళు అక్కడే చెప్తారు.

ఈఓఎస్ టోకెన్ అమ్మకం ఏడాది పాటు సాగి 2018లో ముగిసేసరికి బ్లాక్.వన్ అనే కంపెనీకి దాదాపు 400 కోట్ల డాలర్లు వచ్చాయి. కొనుగోలు ఒప్పందంలో ఏం రాశారంటే, ఈ టోకెన్లకి ఎలాంటి హక్కులూ లేవు, ఉపయోగమూ లేదు, ప్రయోజనమూ లేదు, ఫీచర్లూ లేవు అని. దాచిపెట్టలేదు, స్పష్టంగానే రాశారు. రిజిస్టర్ చేయకుండా అమ్మినందుకు 2019లో ఎస్ఈసీ వేసిన జరిమానా 2 కోట్ల 40 లక్షల డాలర్లు, వచ్చిన డబ్బు ముందు అది ఏ మూలకి?

తెజోస్ అనే టోకెన్ అమ్మకం ఇంకో రకం. 2017 జూలైలో 23 కోట్ల డాలర్లకి పైగా వచ్చింది, టర్మ్స్‌లో మాత్రం అది తిరిగి ఇవ్వని విరాళం అని ఉంది. కొన్ని నెలలకే వ్యవస్థాపకులకీ, డబ్బు పెట్టుకున్న స్విట్జర్లాండ్ ఫౌండేషన్ అధ్యక్షుడికీ మధ్య గొడవ, నెట్‌వర్క్ ఆలస్యం, పెట్టినవాళ్ళలో కొందరు మా డబ్బు ఏమైందని కోర్టుకెక్కారు, చివరికి 2020లో ఫౌండేషన్ రెండున్నర కోట్ల డాలర్లకి రాజీ చేసుకుంది. ఇది బిట్‌కనెక్ట్ లాంటిది కాదు. నెట్‌వర్క్ నిజంగా వచ్చింది, ఇప్పటికీ నడుస్తోంది. కానీ పెట్టినవాళ్ళు పడిన టెన్షన్ మాత్రం నిజమే కదా. డబ్బు ఎవరి చేతిలో ఉంది, ఎవరు సంతకం పెడితే ఖర్చవుతుంది, పని కాకపోతే వెనక్కి వస్తుందా అనే మూడు ప్రశ్నలు ముందే అడిగి ఉంటే ఆ జవాబులు ముందే దొరికేవి.

ఆ మూడూ మీరూ వెతకండి. వాటితో పాటు టీమ్‌కి ఎన్ని టోకెన్లు, అవి ఎప్పుడు అమ్ముకోవచ్చు అన్నదీ చూడండి. మీకు 300 రోజులు లాకిన్ (అమ్ముకోనివ్వని గడువు) పెట్టి వాళ్ళకి ఏ లాకిన్ లేకపోతే, మీరు అమ్ముకునే రోజు వచ్చేసరికి వాళ్ళు ఎప్పుడో అమ్మేసుకుని ఉంటారు. కేరళలో మోరిస్ కాయిన్ కేసులో ఈడీ చెప్పిన ప్యాకేజీ సరిగ్గా అలాంటిదే: 15,000 రూపాయలకి పది కాయిన్లు, 300 రోజుల లాకిన్. అలా సుమారు 1,200 కోట్లు వసూలయ్యాయని అంచనా.

వైట్‌పేపర్‌లోంచి రెండు మూడు పొడవైన వాక్యాలు తీసి కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి. వేరే కాయిన్ పేపర్లో అదే వాక్యం దొరికితే పని అయిపోయినట్టే. 2018లో వాల్ స్ట్రీట్ జర్నల్ 1,450 టోకెన్ ఆఫర్ల కాగితాలు చూస్తే 271 వాటిలో కాపీ కొట్టిన రాతలో, గ్యారంటీ లాభాల మాటలో, లేని మనుషుల పేర్లో కనిపించాయి.

మొహాలు, కంపెనీలు, సెలబ్రిటీలు

సెంట్రా టెక్ కథ తెలిస్తే ఈ భాగం మొత్తం తెలిసినట్టే. 2017లో ఫ్లోరిడాలో కొందరు కుర్రాళ్ళు మొదలుపెట్టారు. క్రిప్టోని ఎక్కడైనా ఖర్చు పెట్టుకునే డెబిట్ కార్డ్, వీసా మాస్టర్‌కార్డ్‌లతో ఒప్పందం ఉంది, 38 రాష్ట్రాల్లో లైసెన్సులున్నాయి అన్నారు. సీఈఓ పేరు మైకేల్ ఎడ్వర్డ్స్, పెద్ద అనుభవజ్ఞుడు, వెబ్‌సైట్లో ఫోటో కూడా ఉంది. ఆ మనిషే లేడు. ఆ ఫోటో కెనడాలోని ఒక ఫిజియాలజీ ప్రొఫెసర్‌ది, పాపం ఆయనకి ఈ గొడవతో సంబంధమే లేదు. వీసాతో ఒప్పందమూ లేదు, మాస్టర్‌కార్డ్‌తోనూ లేదు. అయినా రెండున్నర కోట్ల డాలర్లకి పైగా వసూలు చేశారు. బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్, డీజే ఖాలిద్ సోషల్ మీడియాలో ప్రచారం చేశారు, అందుకు డబ్బు తీసుకున్న సంగతి చెప్పలేదని 2018 నవంబర్‌లో ఎస్ఈసీ ఇద్దరితోనూ కట్టించింది. మేవెదర్ ఒక్కడే 6 లక్షల డాలర్లు కట్టాడు. వ్యవస్థాపకుల్లో ముఖ్యుడు సొహ్రాబ్ శర్మకి 2021లో 8 ఏళ్ళ జైలు పడింది.

ఇందులో పట్టుకోలేనిది ఏదీ లేదు, అదే నాకు బాధ అనిపిస్తుంది. టీమ్ ఫోటోల మీద వేలు నొక్కిపట్టి గూగుల్ లెన్స్‌లో వెతికితే అదే మొహం ఇంకెక్కడెక్కడ ఉందో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. ఫలానా కంపెనీతో ఒప్పందం అంటే వీళ్ళ సైట్లో ఉన్న లోగో చూడకండి, ఆ ఫలానా కంపెనీ సైట్‌కి వెళ్ళి వీళ్ళ పేరు వెతకండి, లేకపోతే ఒక మెయిల్ కొట్టండి. "కంపెనీ యూకేలో రిజిస్టర్ అయింది, ఇదిగో సర్టిఫికెట్" అంటే రిజిస్ట్రేషన్ అంటే పేరు నమోదు మాత్రమే, ఆ ప్రభుత్వం వీళ్ళని మంచివాళ్ళని ఒప్పుకున్నట్టు కాదు. ఆ సర్టిఫికెట్ చూపించి ఎకరాలు అమ్మించినవాళ్ళున్నారు. వెబ్‌సైట్ పేరు ఎప్పుడు కొన్నారో హూఈజ్ సైట్లలో చూడొచ్చు. అయిదేళ్ళ కంపెనీ అని చెప్పి డొమైన్ రెండు నెలల క్రితం కొని ఉంటే మీకే అర్థమవుతుంది.

ఎస్ఈసీ వాళ్ళే 2018 మేలో హౌయీకాయిన్స్ అని ఒక ఉత్తుత్తి టోకెన్ సైట్ తయారుచేసి పెట్టారు. అచ్చం నిజమైనదానిలాగే వైట్‌పేపర్, టీమ్, ముందు కొంటే డిస్కౌంట్, అన్నీ ఉండేవి, కొనబోతే మాత్రం జాగ్రత్తలు చెప్పే పేజీకి తీసుకెళ్ళేది. అంత నమ్మకంగా కనిపించే సైట్ తయారుచేయడం ఎంత తేలికో చూపించాలనే అలా చేశారు.

ఇక చైన్ మీద చూడండి, ఇక్కడ ఓపికగా కూర్చోవాలి

చైన్ అంటే బ్లాక్‌చైన్, లావాదేవీలన్నీ అందరికీ కనిపించేలా నమోదయ్యే పుస్తకం లాంటిది. కాంట్రాక్ట్ అంటే దాని మీద టోకెన్‌ని నడిపించే కోడ్. మొదట ఆ కాంట్రాక్ట్ అడ్రస్ అడగండి. ఈథీరియం మీదో, బీఎన్‌బీ చైన్ మీదో ఉన్న ప్రతి టోకెన్‌కీ సున్నా, ఎక్స్‌తో మొదలయ్యే పొడుగాటి అడ్రస్ ఉంటుంది. సొంత చైన్ అంటే ఆ చైన్ ఎక్స్‌ప్లోరర్ (ఆ నమోదులు చూపించే సైట్) అడగండి, అది అందరికీ తెరిచి ఉండాలి. "అవన్నీ మీకెందుకు సార్, యాప్‌లో బ్యాలెన్స్ కనిపిస్తుంది కదా" అన్నారా, లేచి రండి. వన్‌కాయిన్ అలాగే నడిచింది. బల్గేరియాకి చెందిన రూజా ఇగ్నాతోవా 2014లో మొదలుపెట్టిన దానిలో ప్రపంచమంతా కలిపి 400 కోట్ల డాలర్లు పోసింది, మన నవీ ముంబైలోనూ 2017లో ప్రమోటర్లని పోలీసులు అరెస్టు చేశారు. దాని వెనక అసలు బ్లాక్‌చైనే లేదు. కంపెనీ సర్వర్‌లో వాళ్ళు టైప్ చేసిన అంకెలే జనం స్క్రీన్ మీద కనిపించాయి. ఆమె 2017 అక్టోబర్‌లో సోఫియా నుంచి ఏథెన్స్ విమానం ఎక్కాక ఆచూకీ లేదు, 2022 నుంచి ఎఫ్‌బీఐ మోస్ట్ వాంటెడ్ పది మందిలో పెట్టారు.

అడ్రస్ దొరికింది అనుకుందాం. ఈథీరియం అయితే ఈథర్‌స్కాన్, బీఎన్‌బీ చైన్ అయితే బీఎస్సీస్కాన్ సైట్ తెరిచి అక్కడ పేస్ట్ చేయండి. పేజీ మధ్యలో వరసగా ట్యాబ్‌లుంటాయి: ట్రాన్స్‌ఫర్స్, హోల్డర్స్, కాంట్రాక్ట్. ముందు హోల్డర్స్ నొక్కండి. ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో పెద్దవాళ్ళ నుంచి చిన్నవాళ్ళ దాకా శాతాలతో సహా కనిపిస్తుంది. అందులో ఎక్స్ఛేంజీవీ, లిక్విడిటీ పూల్‌వీ (పూల్ అంటే కొనడానికీ అమ్మడానికీ టోకెన్లూ డబ్బూ కలిపి పెట్టిన నిల్వ), లాక్ చేసినవీ పేరుతో గుర్తుపట్టి పక్కన పెట్టండి, మిగిలినవి మామూలు వాలెట్లు, అంటే క్రిప్టో పెట్టుకునే ఖాతాలు. ఆ మిగిలిన వాటిలో నాలుగైదు వాలెట్ల దగ్గరే సగానికి పైగా ఉంటే ధర వాళ్ళ చేతిలో ఉన్నట్టు. ఇంకో మెట్టు కూడా దిగొచ్చు: ఆ పెద్ద వాలెట్లలో ఒక్కొక్కదాని మీద నొక్కి దానిలోకి మొదట డబ్బు ఎక్కణ్ణించి వచ్చిందో చూడండి. అన్నిటికీ ఒకే వాలెట్ నుంచి వచ్చి ఉంటే, అవి అయిదుగురు మనుషులవి కాదు, ఒక్క మనిషివే.

తర్వాత ట్రాన్స్‌ఫర్స్. కొన్నవాళ్ళు ఉన్నారు సరే, అమ్మినవాళ్ళు ఉన్నారా? వేర్వేరు వాలెట్ల నుంచి పూల్‌లోకి టోకెన్లు వెనక్కి వస్తుండాలి. వందల కొనుగోళ్ళుండి అమ్మకాలన్నీ ఒకటి రెండు వాలెట్ల నుంచే ఉన్నాయంటే మిగతావాళ్ళని అమ్మనివ్వడం లేదన్నమాట. 2021 నవంబర్ మొదటి తారీఖున స్క్విడ్ అనే టోకెన్ (ఒక కొరియా సిరీస్ పేరు వాడుకుని పుట్టింది, ఆ సిరీస్ వాళ్ళకి సంబంధం లేదు) 2,861 డాలర్లకి ఎగబాకి నిమిషాల్లో దాదాపు సున్నా అయింది. అంతకుముందు రోజుల్లోనే కొన్నవాళ్ళు అమ్మలేకపోతున్నామని మొత్తుకున్నారు. అమ్మేవాళ్ళు లేకపోతే ధర పెరగక ఏం చేస్తుంది? తయారుచేసినవాళ్ళు 33 లక్షల డాలర్ల దాకా పట్టుకుని మాయమయ్యారు. ఆ అమ్మకాల వరస చూసిన ఎవరికైనా విషయం ముందే అర్థమయ్యేది.

కాంట్రాక్ట్ ట్యాబ్‌లో పచ్చ టిక్ ఉంటే కోడ్ బయట పెట్టారని అర్థం, కోడ్ మంచిదని కాదు. దాన్ని చాలామంది తప్పుగా అనుకుంటారు. కోడ్ రాకపోయినా పర్లేదు, రైట్ (Write) కాంట్రాక్ట్ అన్నచోట ఉన్న పేర్లు చదవండి. మింట్ అని ఉంటే కొత్త టోకెన్లు ఎన్నంటే అన్ని పుట్టించుకోవచ్చు. బ్లాక్‌లిస్ట్ అంటే మీ వాలెట్‌ని ఆపేయొచ్చు. పాజ్ అంటే అందరినీ ఆపేయొచ్చు. ఫీజు మార్చే ఫంక్షన్ ఉంటే అమ్మేటప్పుడు నూటికి తొంభై కోసుకునేలా పెట్టొచ్చు. ఇవి ఉన్నంత మాత్రాన దొంగ కాయిన్ కాదు, పేరున్న టోకెన్లలోనూ కొన్ని ఉంటాయి, కానీ ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో చూడాలి. రీడ్ కాంట్రాక్ట్‌లో ఓనర్ అన్నదాని కింద అన్నీ సున్నాలుంటే ఓనర్ హక్కు వదులుకున్నారని, మామూలు అడ్రస్ ఉంటే ఆ ఒక్క వాలెట్ ఉన్నవాడి ఇష్టమని. ప్రాక్సీ అని కనిపిస్తే రేపు కోడే మార్చేయొచ్చు.

చివరగా పూల్. ఇది సరిగ్గా అర్థం చేసుకుంటే సగం మాయ విడిపోతుంది. టోకెన్లు వంద కోట్లు, ధర పది రూపాయలు, అంటే కాయిన్ విలువ వెయ్యి కోట్లు అని పోస్టర్ వేస్తారు. ఆ కాయిన్ అమ్మి తెచ్చుకోడానికి పూల్‌లో అవతలి వైపున్న అసలు డబ్బు, అంటే ఈథర్, బీఎన్‌బీ, యూఎస్‌డీటీ లాంటి పేరున్న కాయిన్లు, ఇరవై లక్షలే ఉందనుకోండి. లోకంలో ఆ కాయిన్ ఉన్న అందరూ కలిసి తెచ్చుకోగలిగింది ఆ ఇరవై లక్షలు మాత్రమే, అదీ ముందు పరిగెత్తినవాళ్ళకి. మీ యాప్‌లో మీ ఒక్కరి పేరు మీదే నలభై లక్షలు చూపిస్తుండొచ్చు. ఆ పూల్ డబ్బు ఎంతకాలం లాక్ చేశారో, ఎక్కడ లాక్ చేశారో లింకు అడగండి. లాక్ లేకపోతే ఏ అర్ధరాత్రయినా తీసుకుపోవచ్చు.

ఆడిట్ (బయటి కంపెనీతో కోడ్ తనిఖీ) అయిందంటే ఆ రిపోర్ట్ వాళ్ళు పంపిన పీడీఎఫ్‌లో కాదు, ఆడిట్ చేసిన కంపెనీ సొంత సైట్‌లో చూసి, అందులోని కాంట్రాక్ట్ అడ్రసూ మీ దగ్గరున్నదీ ఒకటేనా అని సరిచూసుకోండి.

అయినా పెట్టాలనుకుంటే

పోయినా ఇంట్లో ఎవరికీ సమాధానం చెప్పుకోనక్కర్లేని మొత్తమే పెట్టండి. అప్పు చేసి వద్దు, బంగారం కుదువ పెట్టి అస్సలు వద్దు. కొత్త వాలెట్ తెరిచి అందులో ఆ మొత్తం మాత్రమే వేసి ప్రీసేల్ (లిస్టింగ్‌కి ముందే అమ్మే) సైట్‌కి కనెక్ట్ చేయండి, మీ పాత వాలెట్ కనెక్ట్ చేయకండి, ఎందుకంటే అప్రూవల్ అడిగినప్పుడు లిమిట్ లేకుండా ఓకే నొక్కితే ఆ వాలెట్‌లో ఆ టోకెన్ ఎంత ఉంటే అంతా లాగేయొచ్చు. వాలెట్‌కి తాళంచెవి లాంటి పన్నెండు పదాల సీడ్ ఫ్రేజ్ అడిగినవాడు ఎవడైనా సరే దొంగే.

డబ్బు కంపెనీ ఖాతాకి కాకుండా రోజుకో పేరు మీదున్న యూపీఐకి పంపమంటే ఆగండి. అవి చాలాసార్లు కమిషన్‌కి అద్దెకిచ్చిన ఖాతాలు, రేపు వాటి మీద కేసు పడితే దారిలో డబ్బు వెళ్ళిన ప్రతి ఖాతానీ ఫ్రీజ్ చేస్తారు, మీ జీతం పడే ఖాతా కూడా అందులో ఉండొచ్చు.

కొంత వెనక్కి తీసి చూస్తే నిజమో కాదో తెలుస్తుందని చాలామంది సలహా ఇస్తారు. తీసి చూడండి, కానీ దాన్నే రుజువు అనుకోకండి. చిన్న మొత్తాలు ప్రతి స్కీమూ ఇస్తుంది, పెద్ద మొత్తం రావాలంటే ఇవ్వాలి మరి. గెయిన్‌బిట్‌కాయిన్ అనే స్కీమ్‌లో నెలకి 10 శాతం చొప్పున 18 నెలలు బిట్‌కాయిన్ ఇస్తామన్నారు, మొదట్లో ఇచ్చారు కూడా, తర్వాత బిట్‌కాయిన్ బదులు ఎమ్‌క్యాప్ అనే సొంత టోకెన్ చేతిలో పెట్టారు. "రాబడి ఇకనుంచి మా టోకెన్ రూపంలో" అన్న ప్రకటన ఏ స్కీమ్‌లో వచ్చినా ఆ రోజే ఉన్నంత బయటికి లాక్కోండి.

ఇంకోటి, "విత్‌డ్రా చేయాలంటే ముందు 30 శాతం టాక్స్ మాకు కట్టాలి" అనే మాట. 2022 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, అమ్మినప్పుడు 1 శాతం టీడీఎస్ ఉన్న మాట నిజం. ఆ పన్ను మీరు కట్టేది ఇన్‌కంటాక్స్ వాళ్ళకి, టీడీఎస్ మీకొచ్చే డబ్బులోంచే కోస్తారు. ముందుగా జేబులోంచి ఎవరికో పంపమనడం అంటే ఇంకోసారి దోచుకోవడమే. అలాగే "ప్రభుత్వం టాక్స్ వేస్తోంది కాబట్టి ఇది లీగల్" అంటారు. టాక్స్ వేయడమంటే పూచీ పడటం కాదు. షేర్ల ఐపీఓ కాగితాలు సెబీ చూసినట్టు టోకెన్ అమ్మకం కాగితాలు చూసే సంస్థ మన దేశంలో లేదు. 2023 నుంచి ఎక్స్ఛేంజీలు ఎఫ్ఐయూ (కేంద్ర ఆర్థిక నిఘా సంస్థ) దగ్గర నమోదు కావాలి, అది మనీలాండరింగ్ మీద నిఘా కోసం, అక్కడ లిస్టయిన కాయిన్ మంచిదని చెప్పడానికి కాదు.

గ్రూపులో ఒక ప్రశ్న అడిగి చూడటం కూడా మంచి పరీక్షే. పూల్ లాక్ లింకు ఇస్తారా, టీమ్ వాలెట్ అడ్రస్‌లు ఏవి అని మర్యాదగా రాయండి. నిజాయితీగా పనిచేసేవాళ్ళు లింకు పెడతారు, లేదంటే ఇంకా చేయలేదని చెప్తారు. "నెగెటివ్ మైండ్‌సెట్", "ఇలాంటివాళ్ళు జీవితంలో ఎదగరు" అంటూ మీ మీద పడితే, లేదా మెసేజ్ డిలీట్ చేసి మిమ్మల్ని బయటికి గెంటితే, జవాబు వచ్చేసినట్టే.

ఇప్పటికే పెట్టేసి ఉంటే

ముందు ఇంకో రూపాయి వేయకండి, ధర తగ్గినప్పుడు యావరేజ్ చేద్దామని కూడా వద్దు. మీరు ఎవర్నైనా చేర్పించి ఉంటే ఈ రోజే ఫోన్ చేసి ఆపమని చెప్పండి, కష్టమే, అయినా చెప్పండి. గ్రూపులోంచి కోపంతో బయటికి రాకండి, వచ్చేలోపు చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. బ్యాంకు స్టేట్‌మెంట్, యూపీఐ రిఫరెన్స్ నంబర్లు, వాలెట్ అడ్రస్‌లు, ట్రాన్సాక్షన్ హ్యాష్‌లు (చైన్ మీద ఒక్కో లావాదేవీకి ఉండే గుర్తింపు నంబర్లు), వెబ్‌సైట్ స్క్రీన్‌షాట్లు తారీఖులతో ఒక ఫోల్డర్‌లో పెట్టండి. సైట్ మాయమయ్యాక ఇవేవీ దొరకవు.

డబ్బు ఈ మధ్యే పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, గంటలు గడిచేకొద్దీ ఖాతాలో డబ్బు ఆపే అవకాశం తగ్గిపోతుంది. తర్వాత జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు, బ్యాంకుకి లిఖితపూర్వకంగా ఇంకోటి. అనుమతి లేకుండా డిపాజిట్లు సేకరిస్తున్నారనుకుంటే ఆర్బీఐ సచేత్ పోర్టల్ కూడా ఉంది. నలుగురైదుగురు బాధితులు కలిసి ఒకే వివరాలతో వెళ్తే స్టేషన్లో పట్టించుకుంటారు.

ఎంత తిరిగొస్తుందన్న విషయంలో ఆశ పెట్టడం నాకిష్టం లేదు. బిట్‌కనెక్ట్ కేసులో అమెరికా ప్రభుత్వం స్వాధీనం చేసుకున్న క్రిప్టో అమ్మి 2023లో 40 దేశాల్లోని దాదాపు 800 మందికి పంచమని కోర్టు చెప్పింది కోటీ 70 లక్షల డాలర్లు. ఈడీ కూడా 2025 ఫిబ్రవరిలో అదే కేసులో 1,646 కోట్ల విలువైన క్రిప్టో స్వాధీనం చేసుకుంది. అంటే ఏళ్ళ తర్వాతైనా కొంత దొరకొచ్చు, దొరికిన రోజున ఇది నా డబ్బని చూపించుకోడానికి ఆ ఫోల్డర్ కావాలి.

ఫిర్యాదు చేసిన కొన్నాళ్ళకి ఎవరో ఫోన్ చేస్తారు, మీ క్రిప్టో ట్రేస్ అయింది, ప్రాసెసింగ్ ఫీజు కడితే రిలీజ్ చేస్తాం అంటారు, మీరు ఎంత పోగొట్టుకున్నారో కూడా కరెక్టుగా చెప్తారు. బాధితుల లిస్టులు చేతులు మారుతుంటాయి, అందుకే వాళ్ళకి తెలుస్తుంది. పోలీసులు గానీ, ఈడీ గానీ, కోర్టు గానీ డబ్బు తిరిగివ్వడానికి ఫోన్లో ఫీజు అడగరు. ఆ నంబరు, కాల్ వచ్చిన టైమ్ రాసుకుని అదే ఫిర్యాదుకి జతచేయండి.